పద్నాలుగో నంబరు జెర్సీలో రెండో మనిషి

మా కాలేజీ ఆటల సారు రిటైర్మెంటు సావనీర్ కోసం పాత ఆటగాళ్లందరినీ జ్ఞాపకాలు రాసి పంపమన్నారట. అందరినీ అంటే పదిమందిని. నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోయినా రాశాను. మూడు పేజీలు రాసి, ఫోటోలు తీసి, కమిటీవాళ్ల వాట్సాప్‌కి పంపాను. టిక్కులు రెండూ నీలంగా మారాయి. అంటే చదివారు, చదివి ఊరుకున్నారు. వారం ఆగి మళ్లీ పంపాను. మళ్లీ నీలం. మూడోసారి పంపాక కమిటీలో ఉన్న ఒక లెక్చరరు ఫోన్ చేసి, "పేజీలు నిండిపోయాయండీ, ఏమనుకోకండి" అన్నాడు. సావనీర్ అచ్చయి వచ్చాక తెప్పించుకుని చూశాను. చివర రెండు పేజీలు ఖాళీ. పైన 'ఆటోగ్రాఫులు' అని మాత్రం ఉంది.

పన్నెండేళ్లుగా నాకు జరుగుతున్నది ఇదే కాబట్టి ఆశ్చర్యపడలేదు. కానీ ఇక ఊరుకోవడం లేదు.

విషయం చిన్నది. నర్సీపట్నంలో నేను డిగ్రీ చదివిన కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పన్నెండేళ్ల క్రితం జోన్ కప్పు గెలిచింది. ఆ ఫైనల్లో రెండో క్వార్టర్ మొత్తం, పది నిమిషాలూ, నేను ఆడాను. స్కోరు షీటులో నా పేరు లేదు. ఫోటోలో నేను లేను. సర్టిఫికెట్ నాకు రాలేదు. నేను ఆడానని మా ఫిజికల్ డైరెక్టరు గారు, అంటే మేమందరం పి.డి. సార్ అని పిలిచే ఆయన, ఒక్కసారి నోటితో అంటే చాలు. నాకు కావలసింది అంతే. ఈ పన్నెండేళ్లలో ఆయన ఆ ఒక్క మాట అనలేదు.

మాది నాతవరం వైపు పల్లె. రోజూ షేర్ ఆటోలో నర్సీపట్నం వచ్చేవాణ్ణి. ఆరడుగుల మూడంగుళాలు ఉన్నవాడికి షేర్ ఆటో ప్రయాణం ఎలా ఉంటుందో పొడుగువాళ్లకే తెలుస్తుంది. తల పైన కడ్డీకి కొట్టుకునేది, మోకాళ్లు ఎదుటివాళ్ల ఒళ్లోకి వెళ్లేవి. "నీకో సీటు, నీ మోకాళ్లకో సీటు రాయాల్రా బాబూ" అని ఆటో అతను రోజూ అనేవాడు. రోజూ అందరూ నవ్వేవారు. మొదటి సంవత్సరం మొదటి వారంలో ఒక పొద్దున్న నేను ఆటోలోంచి రెండుగా మడుచుకుని దిగుతుంటే, కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్న పి.డి. సార్ చూశారు.

"ఏటి ఎత్తున్నావురా నువ్వు?"

"తెల్దు సార్."

"తెల్దా? సాయంత్రం కోర్టు కాడికి రా. నేను కొలుస్తాను."

అప్పటికి నేను బాస్కెట్‌బాల్ చేత్తో ముట్టుకోలేదు. మా ఊళ్లో వాలీబాల్ ఆడేవాణ్ణి, అదీ ఎవరైనా రాకపోతే. సాయంత్రం వెళ్తే అక్కడ నా అంత పొడుగువాడు ఒకడు అప్పటికే ఉన్నాడు. మాకవరపాలెం వాడు. ఎత్తులో నాకంటే ఒక వేలు తక్కువ, ఎగరడంలో నాకంటే జానెడు ఎక్కువ. బుట్ట కింద నిలబడి ఆడే పెద్ద ఆటగాడి స్థానం వాడిది. నన్ను ఎందుకు పిలిచారో అర్థంకాక నిలబడితే సార్ అన్నారు: "ఒంటి ఎద్దుతో దుక్కి సాగదురా. వాడికి జోడీ కావాలి."

జోడీ అన్నమాట నేను నమ్మాను. అది నా మొదటి తప్పు. జోడీ అంటే ఇద్దరూ కాడికి ఇటూ అటూ ఉండాలి. సార్ ఉద్దేశంలో ఒక ఎద్దు పొలంలో, ఒక ఎద్దు గట్టు మీద.

గట్టు మీది ఎద్దు పని ఏమిటో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. సాయంత్రం ప్రాక్టీసులో అవతలి జట్టు పెద్దవాడు ఎలా ఆడతాడో అలా ఆడడం నా పని. ఒక రోజు మోచేతులు పెట్టి నెట్టేవాడిలా, ఒక రోజు ముందుకొచ్చి అడ్డం పడేవాడిలా. మాకవరపాలెం వాడు నా మీద నేర్చుకున్నాడు. వాడు ఎడమ భుజం మీదుగా తిరిగి బంతి వేయడం నా గడ్డం మీద నేర్చుకున్నాడు. గడ్డం కింద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. వాడు అలిసిపోయినప్పుడు నీళ్ల సీసా ఇవ్వడం, వాడి మోకాలికి గుడ్డ కట్టడం కూడా నా పనే. మొదట్లో మ్యాచ్ రోజున వాడు ఆడేవాడు, నేను వాడి చెప్పులు కాసేవాణ్ణి.

అయితే నా చేతిలో ఒకటి ఉంది. అది వాడి దగ్గర లేదు.

మా సార్‌కి ఫాస్ట్ బ్రేక్ పిచ్చి. అవతలివాళ్లు బంతి వేసి తప్పితే, బోర్డుకి తగిలి వెనక్కి వచ్చిన ఆ బంతిని అందుకుని, వాళ్లు తిరిగి సర్దుకునేలోగా మూడు నాలుగు సెకన్లలో కోర్టు ఆ చివరకు చేర్చి బుట్టలో వేసేయడం. "మనం పొట్టి జట్టు, తిండి తక్కువ జట్టు. నిలబడి ఆడితే నలిపేస్తారు. పరిగెట్టాలి" అనేవారు. పరిగెత్తడానికి మా దగ్గర ఏటికొప్పాక వాడు ఉన్నాడు. వాళ్ల ఇంట్లో లక్క బొమ్మలు చేస్తారు. వాడు కూడా బొంగరంలాగే తిరిగేవాడు. చూసేవాళ్లందరూ పరిగెత్తేవాణ్ణే చూస్తారు, చప్పట్లు వాడికే. కానీ ఆ పరుగుకి మొదలు బుట్ట కింద ఉన్న పెద్దవాడి చేతిలో ఉంటుంది. వాడు బంతి అందుకుని ఎంత త్వరగా, ఎంత సరిగ్గా మొదటి పాస్ విసిరితే మిగతాది అంత.

మాకవరపాలెం వాడు బంతిని అద్భుతంగా అందుకునేవాడు. అందుకున్నాక కిందికి దించేవాడు. గుండెల దగ్గర పెట్టుకుని అటూ ఇటూ చూసి, ఒకసారి నేల మీద కొట్టి, అప్పుడు ఇచ్చేవాడు. ఈలోగా అవతలివాళ్లు ఐదుగురూ వెనక్కి చేరిపోయేవారు.

నేను అంత ఎగరలేను. కానీ చేతికి వచ్చిందాన్ని నేనెప్పుడూ దించలేదు. తాండవ కాలువ కింద మాకు వరి. కుప్ప వేసేటప్పుడు చిన్నప్పటి నుంచీ నాది కింద నిలబడే పని. వెనక నుంచి వచ్చిన పన, అంటే వరి కట్ట, అందుకోవాలి, నడుం తిప్పాలి, పైన కుప్ప మీద ఉన్న మా నాన్న చేతికి విసరాలి. అందుకున్నాక ఆగి ఆలోచిస్తే వెనకాల పనలు పేరుకుపోతాయి, పైనుంచి తిట్లు పడతాయి. పన విసిరిన చేతికి బంతి ఎంత? గాల్లో ఉండగానే నడుం తిరిగేది, పాదాలు నేలకి ఆనేసరికే బంతి చేతిలోంచి వెళ్లిపోయేది. మొదటిసారి అలా విసిరిన రోజు ఏటికొప్పాక వాడు ఆగిపోయి నన్నే చూశాడు.

"ఒరే, ఇదేటిరా? నువ్వు ఇసిరితే నాను ఎనక్కి సూడక్కర్లేదు. పరిగెడితే సాలు. సేతిలోకొచ్చి కూకుంటాది!"

ఆ మాట వాడు అందరి ముందూ అన్నాడు. సార్ విన్నారు. విని, "ఏదీ, మళ్లీ విసురు" అన్నారు. ఇరవైసార్లు విసిరించారు. తర్వాత మాకవరపాలెం వాణ్ణి పిలిచి, "చూసేవా, అలగ విసరాలి. నేర్చుకో" అన్నారు. నన్ను ఆడిస్తానని అనలేదు. నన్ను చూసి వాణ్ణి నేర్చుకోమన్నారు. నాకది గుర్తుంది.

వాడికి అది రాలేదు. రెండేళ్లయినా రాలేదు.

ఇప్పుడు జెర్సీల సంగతి చెప్పాలి. మా కాలేజీలో ఉన్నవి పది జెర్సీలు. ఎప్పుడో కొన్న సెట్టు. పన్నెండుమంది పేర్లు ఇవ్వొచ్చని రూలున్నా, సార్ ఫారంలో పదిమంది పేర్లే రాసేవారు. జెర్సీ లేనివాడి పేరు రాసి ఏం లాభం అనేవారు. మరి పదకొండోవాణ్ణి నన్ను ఏం చేయాలి? దానికి ఆయన ఒక దారి కనిపెట్టారు. ఆ రోజుల్లో చిన్న చిన్న టోర్నమెంట్లలో చాలా జట్లు ఏదో ఒక రకంగా ఇలాంటివి చేసేవి, ఎవరూ పట్టించుకునేవారు కాదు. మా దారి ఇదీ: క్వార్టర్‌కీ క్వార్టర్‌కీ మధ్య రెండు నిమిషాలు విరామం ఉంటుంది కదా. ఆ విరామంలో మాకవరపాలెం వాడూ నేనూ బాత్‌రూముల వెనక్కి వెళ్లేవాళ్లం. వాడు పద్నాలుగో నంబరు జెర్సీ విప్పి ఇచ్చేవాడు. నేను వేసుకుని వచ్చేవాణ్ణి. ఇద్దరం పొడుగు, ఇద్దరం నలుపు, ఇద్దరం సన్నం. సార్ ఇద్దరికీ ఒకే మంగలి చేత ఒకేలా క్రాపు చేయించారు. "పోస్టు ఒక్కటే, మనుషులు ఇద్దరు" అని నవ్వేవారు.

ఆయన నవ్వేవారు. వాడి చెమటతో తడిసి ముద్దయిన జెర్సీ వేసుకున్నది నేను. అది ఒంటికి అతుక్కుని చల్లగా, ఉప్పగా ఉండేది. ఆ వాసన నాకు ఇప్పటికీ తెలుసు. వాడు మాత్రం నా చెమట జెర్సీ తిరిగి వేసుకునేముందు ప్రతిసారీ పిండి, విదిలించి, ముక్కు చిట్లించేవాడు. ఒక్కసారి కూడా మానలేదు.

ఫారంలో నా పేరు లేదని నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఊరుకున్నానని కొందరు అంటున్నారు, అది అబద్ధం. "సార్, నా పేరు కూడా రాసేరా?" అని నేను అడిగాను. "రాసేన్రా, నీ పేరు లేకుండానా?" అన్నారు. స్టోరు రూము తలుపు దగ్గర, కుడి చేత్తో తాళం వేస్తూ అన్నారు. జెర్సీ కొరతవల్లే ఇద్దరం మార్చుకుంటున్నాం అనుకున్నాను. పేరు కొరత అనుకోలేదు.

ఫైనల్ అనకాపల్లిలో, సిమెంటు కోర్టు మీద, మిట్టమధ్యాహ్నం దాటాక. అవతలి జట్టు మాకంటే బరువైనది. మొదటి క్వార్టర్ మాకవరపాలెం వాడు ఆడాడు. వాళ్ల పెద్దవాణ్ణి ఆపలేక రెండు ఫౌళ్లు చేశాడు. మేం వెనకబడ్డాం. విరామంలో జెర్సీ విప్పి నా మొహాన విసిరి, "ఆడు దున్నపోతురా, సూసుకో" అన్నాడు.

ఆ పది నిమిషాల గురించి నేను ఎంత చెప్పినా తక్కువే, అందుకని తక్కువే చెప్తాను. వాళ్లు వేసి తప్పిన ప్రతి బంతికీ నేను ఆ దున్నపోతుకి వీపు ఆన్చి నిలబడ్డాను. ఎగిరి అందుకోలేదు, వాణ్ణి ఎగరనివ్వలేదు, అంతే. బంతి కిందికి దిగి నా చేతిలోకి వచ్చింది. నడుం తిప్పాను, విసిరాను. గీత పక్కన ఏటికొప్పాక వాడు పరిగెడుతూనే ఉన్నాడు. అవతలివాళ్లు తిరిగేసరికి బంతి బుట్టలో ఉంది. మళ్లీ. మళ్లీ. ఒకసారి వాళ్ల కోచ్ లేచి కుర్చీని తన్నాడు. చుట్టూ నిలబడ్డ జనం "ఫోర్టీన్, ఫోర్టీన్" అని అరిచారు. నా జీవితంలో నన్ను అంతమంది ఒకేసారి పిలవడం అదొక్కసారే. పిలిచింది కూడా నా పేరుతో కాదు.

రెండు ఫౌళ్లు నాకూ పడ్డాయి. మొదటిది నిజమే, వాడి చెయ్యి కొట్టాను. రెండోది ఫౌల్ కాదు. నా పాదాలు కదల్లేదు. అది అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

ఆ రెండో ఫౌల్ పడినప్పుడు బల్ల దగ్గర స్కోరు రాస్తున్నాయన, "ఫోర్టీన్, నాలుగు" అని అరిచాడు. నేను విన్నాను. సగం ఆట విరామంలో మేం ముందంజలో ఉండగా సార్ దగ్గరికి వెళ్లి చెప్పాను.

"సార్, ఫోర్టీన్‌కి నాలుగు అయిపోయేయి అంటన్నారు."

"నీకు రెండే కదరా?"

"నాకు రెండే సార్. ఆడికి రెండు."

"మరేటి? ఇద్దరికీ ఇంకా బోలెడున్నాయి. ముందు జెర్సీ ఇప్పి వాడికిచ్చీ. నాలుగో క్వార్టర్ నీదే."

ఐదు ఫౌళ్లు చేసినవాడు ఆట నుంచి బయటికి వెళ్లిపోవాలి. మేం మనుషుల్ని లెక్కపెట్టుకున్నాం. బల్ల దగ్గరవాళ్లు అంకెను లెక్కపెట్టారు. అప్పటికే ఇరవయ్యేళ్లు ఆట నేర్పినాయనకి ఇంత చిన్న విషయం తట్టలేదు. నాకూ పూర్తిగా తట్టలేదని ఒప్పుకుంటాను. కానీ నేను వెళ్లి చెప్పాను. చెప్పినవాడు తప్పు చేసినవాడు కాడు.

మూడో క్వార్టర్ మొదలైన నాలుగు నిమిషాలకి మాకవరపాలెం వాడు ఒక్క ఫౌల్ చేశాడు. విజిల్. "ఫోర్టీన్, ఐదు, అవుట్!"

"నాకు మూడే సార్!" అని వాడు అరిచాడు. "లెక్క తప్పేరు! నాకు మూడే!"

రిఫరీ వాణ్ణి బల్ల దగ్గరికి తీసుకెళ్లి షీటు చూపించాడు. పద్నాలుగు ఎదురుగా ఐదు గీతలు. వాడు షీటు చూశాడు, సార్ వైపు చూశాడు, తర్వాత సంచుల పక్కన మామూలు బనియనులో కూర్చున్న నన్ను చూశాడు. అప్పుడు అర్థమైంది వాడికి. అర్థమైంది నాకు. సార్‌కి అందరికంటే ముందే అర్థమైంది. ఎందుకంటే ఆయన మొహం తిప్పేసుకున్నారు.

నిజం చెప్తే జట్టునే తీసిపారేస్తారు. చెప్పకపోతే ఇద్దరు పెద్దవాళ్లమూ పోతాం. సార్ మాకవరపాలెం వాణ్ణి "వచ్చీ, వచ్చీ" అని చేత్తో పిలిచారు. పద్నాలుగో నంబరు బయటికి వచ్చేసింది. దానితో పాటు నాలుగో క్వార్టర్‌లో నాది అన్న ఆట కూడా. తర్వాత పొట్టివాళ్లు ఐదుగురే ఆడారు. రెండో క్వార్టర్‌లో చేసిన ఆధిక్యం కరుగుతూ కరుగుతూ వచ్చి, రెండు పాయింట్లు మిగిలుండగా ఆట అయిపోయింది. గెలిచాం. ఆ రెండు పాయింట్లూ ఎక్కడివో లెక్క తెలిసినవాళ్లకి తెలుసు.

ఆట అయ్యాక మాకవరపాలెం వాడు నా మీద పడ్డాడు.

"నీ రెండు ఫౌళ్లు నా మెడకి సుట్టేసేవు కదరా!"

"నీ సెమట నాను ఏసుకున్నాను. నా ఫౌళ్లు నువ్వు ఏసుకో."

ఏటికొప్పాక వాడు మధ్యలోకి వచ్చి, "కప్పొచ్చిందిరా, ఇంకేటి కావాలిరా మీకు!" అని ఇద్దర్నీ విడదీశాడు. ఫోటో తీయడానికి పేపరాయన వచ్చాడు. నేనూ వెళ్లి చివర నిలబడ్డాను. సార్ నా దగ్గరికి వచ్చి, చెవిలో, "నువ్వు పక్కకి రారా. జెర్సీ లేదు కదా, బాగోదు. సంచులు చూడు" అన్నారు. సంచులు చూశాను. మర్నాడు పేపర్లో బొమ్మ పడింది. పది తలలు. మా అమ్మ దాన్ని చాలాసేపు చూసి, "ఇందులో నువ్వెక్కడరా?" అంది. "బయట ఉన్నానమ్మా" అన్నాను.

సర్టిఫికెట్లు నెల తర్వాత వచ్చాయి. పది. అప్పుడు తెలిసింది ఫారం సంగతి. సార్ దగ్గరికి వెళ్లాను. "వచ్చే ఏడు సూద్దాంరా" అన్నారు. అది నా ఆఖరి సంవత్సరం. నాకు వచ్చే ఏడు లేదని ఆయనకి తెలుసు. నా ఆఖరి పరీక్షల హాల్ టికెట్ మీద ఆయన సంతకానికి కూడా అప్పుడే వెళ్లాను.

వ్యాయామ ఉపాధ్యాయుడి కోర్సులో చేరదామని నాకుండేది. ఆటల కోటాలో దరఖాస్తు పెట్టాలంటే ఆ కాగితం కావాలి. ఒక పేరాగ్రాఫు రాసివ్వమని అడిగాను, 'ఈ అబ్బాయి జట్టులో సాధన చేశాడు' అని. "దానికేం, రాస్తాను, రేపు రా" అన్నారు. ఆరు రేపులు తిరిగాను. ఏడో రేపు ఆయన సెలవులో ఉన్నారు. ఇప్పుడు నేను నర్సీపట్నంలోనే పైపులు, మోటార్లు అమ్మే షాపులో పని చేస్తున్నాను. పై అరలో సామాను తీయడానికి నిచ్చెన అక్కర్లేదని మా యజమాని వచ్చినవాళ్లందరికీ చెప్తాడు. వాళ్లు నవ్వుతారు. నా ఎత్తు ఉపయోగపడింది దానికి.

ఈ ఏడు సార్ రిటైరవుతున్నారని, సన్మానమని, సావనీర్ అని తెలిశాక, ఆయన ఇంటికి వెళ్లాను. అమ్మగారు టీ ఇచ్చారు. సార్ లుంగీలో, పేపరు చదువుతూ ఉన్నారు.

"సార్, ఆ ఫైనల్ గురించి..."

"ఏ ఫైనల్‌రా? ఎన్ని ఫైనల్స్ ఆడించేను."

"రెండో క్వార్టర్ నేను ఆడేను కదా సార్."

ఆయన పేపరు మడిచారు. నెమ్మదిగా, నాలుగు మడతలు. "పెళ్లయిందా నీకు?" అని అడిగారు. అయిందన్నాను. "పిల్లలు?" ఒక పాప అన్నాను. "మంచిది. టీ చల్లారిపోతాది, తాగు." తాగాను. అంతే. ఇంతకంటే ఒక్క మాట రాలేదు. కాదంటే నేను వాదించేవాణ్ణి. ఆయన కాదనలేదు.

మూడోనాడు మాకవరపాలెం వాడు మా షాపుకి వచ్చాడు. వాడిప్పుడు పోలీసు. ఉద్యోగం ఆటల కోటాలో వచ్చిందే. మోటారు కొనడానికి వచ్చినట్టు వచ్చి, కౌంటరు మీద చేతులు ఆన్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఒరే, పాత గొడవలు ఎందుకురా ఇప్పుడు? రేపు ఎవడైనా పిటిషన్ ఎడితే? నా ఉద్యోగం ఏటవుతాది?"

"నువ్వు ఆడేవు కదరా. నీది దొంగ కాగితం కాదు. నీకేటి బయం?"

"ఆడేనని నీకు తెలుసు. రాసిన కాగితాలు సూసేవోళ్లకి తెల్దు. నాకూ పిల్లలున్నారు."

"మరి నాను ఆడేనని ఎవుడికి తెలుసు?"

వాడు కౌంటరు మీంచి చేతులు తీశాడు. "నాకు తెలుసు కదరా" అన్నాడు చివరికి.

"అయితే అది సార్ ముందు అను."

వాడు మోటారు కొనకుండా వెళ్లిపోయాడు. మెట్లు దిగుతూ, "నీకు ఆ ఒక్క మాట దేనికిరా, కూడెడతాదా?" అన్నాడు. పెట్టదు. అయినా కావాలి. వాడికి భయం ఉందని నాకు తెలుసు. అందుకే ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. నా పేరు లేకుండానే ఇదంతా జరిగింది కాబట్టి నా పేరు కూడా లేకుండానే రాస్తున్నాను. ఆ కప్పు వెనక్కి ఇచ్చేయమని నేను అనడం లేదు. కాగితాలు మార్చమనీ అనడం లేదు.

సన్మానానికి పిలుపు లేదు. వెళ్లాను. కాలేజీ ఆవరణలో షామియానా, ముందు వరసలో ఆ పదిమందికి దండలు. నేను వెనక వరసలో కూర్చున్నాను. సార్ మాట్లాడుతూ ఆ కప్పు దాకా వచ్చారు. ఇంట్లో మర్చిపోయిన ఫైనల్ వేదిక మీద బాగా గుర్తొచ్చింది ఆయనకి.

"ఆ రోజు రెండో క్వార్టర్‌లో మా పద్నాలుగో నంబరు విసిరిన పాసులు నా సర్వీసులో మళ్లీ చూడలేదు. బంతి కిందికి దించలేదు. అందుకుంటూనే విసిరేడు. ఇప్పటికీ పిల్లలకి ఆ పాసే నేర్పుతున్నాను, ఫోర్టీన్ పాస్ అని. ఏడీ, లేవరా ఒకసారి!"

మాకవరపాలెం వాడు లేచాడు. వెనక్కి తిరిగి అందరికీ నమస్కారం పెట్టాడు. చప్పట్లు కొట్టారు. పక్కనున్న ఏటికొప్పాక వాడు మాత్రం కొట్టలేదు. నేల చూశాడు. అది కూడా నాకు గుర్తుంది, వాడి ఖాతాలో మంచిగానే గుర్తుంది.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. ఏమీ అనలేదు. అరవలేదు. నిలబడ్డాను, అంతే. కూర్చున్న జనం మధ్య ఆరడుగుల మూడంగుళాల మనిషి నిలబడితే కనబడకపోవడం అంటూ ఉండదు. సార్ చూశారు. నమస్కారం పెడుతున్నవాడూ చూశాడు, వాడి చేతులు అలాగే ఆగిపోయాయి. పద్నాలుగో నంబరు ఇద్దరూ ఒకేసారి నిలబడి ఉండడం ఆ కాలేజీలో అదే మొదటిసారి. నా ముందున్న ఒకావిడ, "కూకోండి బాబూ, అడ్డం" అంది. సార్ మైకు పట్టుకుని కొంచెంసేపు ఊరుకున్నారు. ఆ కొంచెంసేపట్లో ఆయన అంటారనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆయన చేతిలో కాగితం తిప్పి, "తర్వాత, కాలేజీకి కొత్త కోర్టు వేయించిన దాతలకి..." అని చదవడం మొదలుపెట్టారు.

నేను ఆయన ఉపన్యాసం అయ్యేదాకా నిలబడే ఉన్నాను. నన్ను కూర్చోమని ఆయన అనలేదు. కూర్చోమనాలంటే నన్ను పిలవాలి.

సార్, ఇప్పుడు మీకు సర్వీసు లేదు. మీ మీద చర్య తీసుకునేవాడు లేడు. మీ పెన్షనూ, మీ పరువూ, వాడి ఉద్యోగమూ పోయే పని నేను చేయలేదు, చేయను. మీరు వేదిక మీద మెచ్చుకున్న పాసులు ఎవరు విసిరారో మీకు తెలుసు. ఆ పది నిమిషాలు ఆ జెర్సీలో ఉన్నది ఎవరు? ఇది మీరు చదువుతారు. చదివి ఊరుకోవద్దు. ఫోన్ చేసి చెప్పండి, ఉత్తరం రాయండి, షాపుకి రండి, మీ ఇష్టం. నేను ఆడానా, ఆడలేదా? రెండిట్లో ఒకటి చెప్పండి సార్. నాకు జవాబు కావాలి.